విసిరిన చెయ్యి

నా కుడి చెయ్యి తిన్నగా రాదు. మోచేతి దగ్గర కొంచెం వంగి అక్కడే ఆగిపోతుంది. చొక్కా కుట్టే ప్రతి టైలరూ కొలత తీసేటప్పుడు "చెయ్యి పూర్తిగా చాపండి సార్" అంటాడు. "ఇంతేనండి" అంటాను. ఏమైందని అడగని మనిషి లేడు. బేస్‌బాల్ ఆడాను అని చెబితే నవ్వుతారు. "భీమవరం పక్క పల్లెటూళ్ళో బేస్‌బాలేంటండీ బాబూ!" అంటారు. ఆ నవ్వు విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోతుంది. నవ్వేవాళ్ళ మీద కాదు ఆ మంట. ఎవరి మీదో చెప్పాలంటే మొదట్నించీ చెప్పుకురావాలి.

తొంభైల చివర్లో, నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, మా హైస్కూలుకి కొత్త డ్రిల్లు మేస్టారు వచ్చారు. వచ్చిన వారానికే మగపిల్లలందర్నీ ఎండలో నిలబెట్టి బేస్‌బాల్ టీము పెడుతున్నామన్నారు. ఆ ఆట ఆయన కూడా ట్రైనింగులో పది రోజులు ఆడారంతే. మిగతాది ఒక పుస్తకంలో బొమ్మలు చూసి నేర్చుకున్నారు. మరి అంత అవసరం ఏమొచ్చిందంటే, క్రికెట్‌లో జిల్లా టీములోకి వెళ్ళాలంటే వందమందిని తోసుకుని వెళ్ళాలి. బేస్‌బాల్‌కి జిల్లా మొత్తం మీద నాలుగైదు టీములు ఉంటే గొప్ప. బంతి పట్టుకోవడం వస్తే జిల్లా, విసరడం కూడా వస్తే రాష్ట్రం, అక్కణ్ణుంచి నేషనల్స్. నేషనల్స్ సర్టిఫికెట్ ఉంటే ఇంజినీరింగులో స్పోర్ట్స్ కోటా సీటు. ఈ మాట ఆయన మాకు చెప్పలేదు. మా నాన్నలకి చెప్పారు.

మా నాన్నకి చేపల చెరువులు ఉండేవి. ఆటంటే ఆయనకి అప్పటిదాకా గిట్టేది కాదు. నేను బ్యాటు పట్టుకుని ఇంట్లోకి వస్తే "ఆటలు అన్నం పెడతాయంట్రా?" అనేవాడు. అలాంటి మనిషి డ్రిల్లు మేస్టారితో ఒక్క సాయంత్రం మాట్లాడి ఇంటికొచ్చి, అన్నం తింటూ అమ్మతో "వీడికి రోజూ రెండు గుడ్లు పెట్టు" అన్నాడు. అంతే, మా ఇంట్లో బేస్‌బాల్ మొదలైంది. పదో తరగతిలో ఆటలు ఉండవు, పబ్లిక్ పరీక్షలు. ఇంటర్‌లో అసలే ఉండవు. కాబట్టి నా ఆట అంతా ఆ తొమ్మిదో తరగతిలోనే అయిపోవాలి. నేషనల్స్ కూడా ఆ ఏడే ఆడెయ్యాలి. కోడిపిల్లని పండగకి మేపినట్టు నన్ను ఆ ఏడాదికి మేపారు.

నాకు విసరడం ఎవరూ నేర్పలేదు. చెరువు గట్టు మీద వచ్చింది. చేపపిల్లలు వదిలిన రోజుల్లో నీటికాకులు గుంపులు గుంపులుగా దిగుతాయి. ఒక పూట ఏమరితే చెరువు ఖాళీ చేసి పోతాయి. టపాకాయలు కాల్చేవాళ్ళూ డబ్బాలు వాయించేవాళ్ళూ ఉన్నా, సెలవుల్లో మట్టిగడ్డలు విసరడం నా పని. తొమ్మిదిలోకి వచ్చే ముందు వేసవంతా పొద్దున్నా సాయంత్రం విసిరాను. గట్టు మీద నిలబడి విసిరితే గడ్డ చెరువు నడిమధ్య కాకి పక్కన పడేది. మా చెరువుల కాపలా ముసలాయన "ఆయ్! బాబుగారి చెయ్యి కాదండి, తుపాకీ అండి అది" అనేవాడు. నేను పొంగిపోయి ఇంకా విసిరేవాణ్ణి. అంటే బేస్‌బాల్ బంతి ముట్టుకునే ముందే నా చెయ్యి సగం అరిగి ఉంది. ఆ సంగతి ఎవడికి తెలుసు?

డ్రిల్లు మేస్టారు నా చేత మొదటి రోజు పది బంతులు విసిరించి, "ఒరేయ్, నువ్వే పిచ్చర్‌వి" అన్నారు. బ్యాటు పట్టుకున్నవాడికి బంతి వేసేవాడే పిచ్చర్. ఆటంతా వాడి చేతిలోనే ఉంటుంది. నాకు బదులు వేసేవాడు ఇంకొకడు ఉండాలని ఆ పుస్తకంలో రాసే ఉంటుంది. మాకు బదులు లేదు. పొద్దున్నే నేనే, సాయంత్రం నేనే, ఆదివారం పక్క స్కూలు వాళ్ళతో పోటీ పెడితే అందులోనూ నేనే.

దెబ్బలకి మా టీములో కొదవ లేదు. బ్యాటు వాడి వెనక కూర్చుని బంతి పట్టే క్యాచర్ మొహానికి వేసుకునే ఇనప జాలీ ఒక్కటే ఉండేది. అది కూడా పెద్దవాళ్ళ కొలత. పురికొసతో వెనక్కి బిగించి కట్టేవాళ్ళం. ఓ రోజు పురికొస తెగి జాలీ జారిపోయింది, అదే క్షణంలో బంతి వచ్చి మా క్యాచర్ ముందు పన్ను విరగ్గొట్టింది. గ్లౌజులు చాలక ఒకడు ఉత్త చేత్తో పట్టబోయి బొటనవేలు ఉల్లిపాయంత వాచేలా చేసుకున్నాడు. వరి కోసేసిన చేలో ఆడేవాళ్ళం కదా, నేలంతా నెర్రెలు. పరుగు తీసి ముట్టుకోవాల్సిన బేస్ మీదికి జారుతూ వెళ్ళమంటే వెళ్ళి, తొడ మీద తోలు లేపుకున్నవాళ్ళు ముగ్గురు. డ్రిల్లు మేస్టారి దగ్గర వైద్యం రెండు రకాలు. తోలు లేస్తే టించరు, వాస్తే ఐసు. ఐసుకి మా వైపు లోటేముంది, చేపల పెట్టెల్లో కావలసినంత. ఆ రెండూ కానిదానికి ఆయన మందు ఒక్కటే, "ఏం కాదు, లేచి నడువు."

ఆ దెబ్బలన్నీ కంటికి కనబడ్డాయి కాబట్టి వాళ్ళ అమ్మలు వచ్చి దెబ్బలాడారు, కొత్త జాలీ వచ్చింది, నేల మీద ఇసక పోయించారు. నా దెబ్బ కనబడేది కాదు.

జిల్లా పోటీలయ్యాయి, రాష్ట్రం టీములో నా పేరొచ్చింది. అప్పట్నించి డ్రిల్లు మేస్టారికి పూనకం వచ్చినట్టయింది. పుస్తకంలో ఉన్న మెలికల బంతి నేర్పడం మొదలెట్టారు. విసిరే చివర్లో మణికట్టు గట్టిగా తిప్పాలి, బంతి గాల్లో పక్కకి తిరుగుతుంది. నేను తిప్పాను, తిరిగింది. ఆయన చప్పట్లు కొట్టారు. "ఇంకో ఇరవై వెయ్యి" అన్నారు. ఇరవై అయ్యాక ఇంకో ఇరవై. రోజుకి ఎన్ని వేశానో ఆయన ఎంచలేదు, నేను ఎంచలేదు, గోడ పక్కన మోటార్‌సైకిల్ మీద కూర్చుని చూసే మా నాన్న ఎంచలేదు.

ఇప్పుడు నాకు తెలుసు. ఎదిగే పిల్లాడు విసిరే బంతులకి ఒక హద్దు పెట్టాలి. గట్టిగా విసిరిన మర్నాడు ఆ చేతికి సెలవివ్వాలి, ఏడాదిలో కొన్ని నెలలు అసలు విసరనివ్వకూడదు. గడ్డం మొలవనివాడి చేత మెలికల బంతులు వేయించకూడదు. మోచెయ్యి నొప్పి అంటే ఆ పూటకి ఆట ఆపి, డాక్టరు సరే అన్నాకే మళ్ళీ బంతి ఇవ్వాలి. ఇందులో బ్రహ్మవిద్య ఏముంది చెప్పండి? మా తాత దున్నేటప్పుడు ఎద్దు కాలు ఈడుస్తుంటే కాడి విప్పేసి చెట్టు కింద కట్టేవాడట. నన్ను ఎవరూ విప్పలేదు.

నొప్పి మోచేతి లోపలి పక్కన మొదలైంది. తెల్లారి చెంబుతో నీళ్ళు ఎత్తి పోసుకోబోతే చెంబు జారిపోయింది. అన్నం ముద్ద నోటిదాకా తెస్తుంటే ఎముక మీద ఎవరో గోటితో నొక్కుతున్నట్టు ఉండేది. నేను ఎవరికీ చెప్పలేదు. ఈ విషయంలో నేనేం తక్కువ తినలేదు, ఒప్పుకుంటాను. అంతకుముందు మా నాన్న నాతో మాట్లాడిందంటే మార్కుల గురించి, అది కూడా తిట్లు. ఇప్పుడు చెరువు గట్టు మీద మేత బస్తాలు దించేవాళ్ళ దగ్గర్నుంచి పెళ్ళిళ్ళలో బంధువుల దాకా "మావాడు స్టేట్‌కి ఆడుతున్నాడండి" అని భుజం మీద చెయ్యేసి చూపించేవాడు. ఆ చెయ్యి నా భుజం మీద ఉండాలంటే నా చెయ్యి నొప్పి పుట్టకూడదు. పద్నాలుగేళ్ళవాడికి అంతకన్నా ఏం తోస్తుంది?

అమ్మ కనిపెట్టింది. "ఏంట్రా, ఎడం చేత్తో తల దువ్వుకుంటున్నావ్?" అని చెయ్యి పట్టుకుని తిన్నగా లాగబోయింది. నేను కెవ్వుమన్నాను. వేడి ఉప్పు మూటతో కాపడం పెట్టింది, నువ్వుల నూనెలో కర్పూరం కాచి రాసింది. తగ్గకపోతే "ఏవండీ, మీరు పిల్లాణ్ణి డాక్టరుకి చూపిస్తారా, నన్ను చూపించమంటారా?" అని నాన్న మీద లేచింది. అలా నాన్న నన్ను భీమవరంలో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు.

ఆయన ఎక్స్‌రే తీయించి, దాన్ని దీపానికి అడ్డం పెట్టి, మాకు అర్థమయ్యేలాగే చెప్పాడు. పెద్దవాళ్ళలా పిల్లల ఎముక చివర గట్టిపడి ఉండదు, లేత కొబ్బరిలా ఉంటుంది. కండ దాన్ని పట్టుకుని లాగుతుంది. లాగగా లాగగా అది విడిపోవడం మొదలెట్టింది. ఇప్పుడు ఆపితే దానంతట అదే అతుక్కుంటుంది. మందు కూడా అక్కర్లేదు.

"మూడు నెలలు బంతి ముట్టుకోకూడదండి" అన్నాడు.

"ఇరవై రోజుల్లో నేషనల్స్ ఉన్నాయండి" అన్నాడు మా నాన్న.

"ఆటలు ఏటా వస్తాయండి. మోచెయ్యి ఏటా రాదు."

"చిత్తం అండి" అన్నాడు నాన్న. ఎంతో వినయంగా అన్నాడు. ఆ వినయం చూసి నేను నిజంగానే ఆట ఆగిపోయిందనుకున్నాను. ఏడుపొచ్చింది. ఏడుపుతో పాటు, ఎవరికీ చెప్పుకోలేనిది, హాయిగా కూడా అనిపించింది. రేపు పొద్దున్నే లేవక్కర్లేదు అనుకున్నాను.

ఆస్పత్రి బయటికి వచ్చి హోటల్లో పెసరట్టు తినిపించాడు. చెయ్యి కడుక్కుంటూ అన్నాడు, "వీళ్ళంతే రా. మూడు నెలలు, ఆర్నెల్లు అంటారు. మనకి కట్టు కట్టే ఆయన ఉన్నాడుగా." ఇంటికెళ్ళి అమ్మతో మాత్రం "ఎముకకి ఏం కాలేదంట, బెణికిందంట" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. ఒక్క మాట అని ఉంటే అమ్మ ఆ వీధి గుమ్మానికి అడ్డం పడుకునేది. నేను నోరు తెరవలేదు.

మా వైపు ఏది విరిగినా, బెణికినా కట్టు కట్టే ఆయన దగ్గరికే పోతాం. కాలవ గట్టున పెంకుటిల్లు, ముందు అరుగు నిండా జనం. విరిగిన ఎముకలు ఆయన కట్టగా అతుక్కోవడం నేను చూశాను, దాన్ని కాదనను. కానీ ఆ వైద్యానికి ఒక పద్ధతి ఉంది. కట్టు కట్టేముందు నీవుతారు. పెద్దవాడి మోకాలైనా, పిల్లాడి మోచెయ్యైనా, ముందు నూనె పోసి బొటనవేళ్ళతో నొక్కి నీవాల్సిందే. ఎంత కేక పెడితే అంత నరం కదిలినట్టు లెక్క. ఆయన నా మోచెయ్యి తడిమి, సరిగ్గా డాక్టరు చూపించిన ఎముక మీదే బొటనవేలు పెట్టి "నరం తప్పిందండి, గట్టిగా పట్టేసింది" అన్నాడు. నాన్న ఎక్స్‌రే సంగతి చెబుతాడేమో అని చూశాను. ఎక్స్‌రే కవరు మోటార్‌సైకిల్ పెట్టెలో ఉంది. మా నాన్న "మరేనండి, నేనూ అదే అనుకున్నానండి" అన్నాడు.

ఇద్దరు నా భుజాలు పట్టుకున్నారు. విడిపోవడానికి సిద్ధంగా ఉన్న లేత ఎముక మీద బొటనవేలు పైకీ కిందికీ నడిచింది. గోరుచుట్టు మీద రోకలిపోటు అని ఊరికే అనరు. నేను పెట్టిన కేకకి అరుగు మీద చంటిపిల్లలు కూడా ఏడ్చారు. "మగాడివి, ఏంట్రా అది" అన్నాడు నాన్న. తరవాత మినపపిండీ గుడ్డు తెల్లసొనా కలిపి పట్టించి, వెదురు బద్దలు వేసి, గుడ్డతో బిగించి కట్టేశారు. తొమ్మిది రోజులు కదపకూడదన్నారు.

తొమ్మిది రోజుల తరవాత కట్టు విప్పితే నొప్పి పోయింది. పోదా మరి? తొమ్మిది రోజులు బంతి విసరలేదు కదా! డాక్టరు చెప్పిందీ అదే కదా, విసరొద్దని! ఆ మాట మా ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. పేరంతా కట్టుకి పోయింది. నాన్న ఊరంతా తిరిగి "డాక్టరు మూడు నెలలన్నాడు, మనాయన తొమ్మిది రోజుల్లో బాగుచేసేశాడు" అని చెప్పుకున్నాడు. అలా చెప్పడంతో డాక్టరు మాట అమ్మ చెవిన పడింది. అప్పటికే నా బ్యాగు సర్దేశారు. అమ్మ వంటింట్లో కూర్చుని పొయ్యికేసి చూస్తూ "నీ చెయ్యి నీదిరా నాయనా, నువ్వైనా చెప్పు వెళ్ళనని" అంది. "ఇప్పుడు నొప్పి లేదమ్మా" అన్నాను. అది నిజమే. అందుకే ఇంకా కోపం నాకు.

నేషనల్స్ ఉత్తరాదిన ఎక్కడో, చలిలో. రాష్ట్రం టీముతో కోచ్‌గా మా డ్రిల్లు మేస్టారే వచ్చారు. పొద్దున్నే మంచు. మొదటి మ్యాచ్‌లో గెలిచాం. చెయ్యి సలిపింది గానీ ఆగింది. రెండో మ్యాచ్‌లో, సగం ఆట అయ్యాక, మెలికల బంతి ఒకటి వేస్తుంటే మోచేతి లోపల టప్‌మని చప్పుడైంది. పుల్ల విరిగినట్టు. బంతి నా చేతిలోంచి ఎటో పోయింది. నేను చెయ్యి పొట్టకి హత్తుకుని కూర్చుండిపోయాను. డ్రిల్లు మేస్టారు పరిగెత్తుకొచ్చి మోచేతి మీద చల్లటి మందేదో చిమ్మారు. "ఇంకొక్క రెండు బంతులు రా నాన్నా, తరవాత నేనే తీసేస్తాను" అన్నారు. రాష్ట్రం టీములోనూ పిచ్చర్‌కి బదులు లేడు. లేచాను. విసిరాను. ఒకటి నేల మీద పడింది, రెండోది ఎక్కడ పడిందో నాకు గుర్తు లేదు. కళ్ళు తిరిగాయి. మ్యాచ్ ఓడిపోయాం, ఇంటిముఖం పట్టాం.

బయల్దేరే ముందు సర్టిఫికెట్లు ఇచ్చారు. మా టీములో ఒకడు, బజారులో కిరాణా కొట్టువాళ్ళబ్బాయి, రాష్ట్రం టీముకి ఎలా వచ్చాడో ఆ సత్యనారాయణ స్వామికే తెలియాలి. వాడు మొత్తం మీద ఒక్క బంతి ఆడలేదు, ఒడ్డున కూర్చుని మాకు నీళ్ళు అందించాడు. మంచివాడే, రైల్లో నాకు అన్నం కలిపి పెట్టిందీ వాడే. వాడి సర్టిఫికెట్టూ నా సర్టిఫికెట్టూ పక్కపక్కన పెట్టి చూశాం. ఒకే కాగితం, ఒకే సంతకం. ఇద్దరం "పాల్గొన్నాం". వాడి చెయ్యి వాడికి ఉంది.

తట్టుకోలేక రైల్లో డ్రిల్లు మేస్టార్ని అడిగాను. "సార్, నేను దిగకపోయినా ఇదే వచ్చేదా?"

ఆయన కిటికీ లోంచి బయటికి చూశారు. "మీ నాన్నగారితో నేను ముందే అన్నాను రా. చెయ్యి బాలేకపోతే కూర్చోబెడదాం, పాల్గొన్నట్టు ఎలాగూ ఇస్తారండి అని. మెడల్ వస్తే కోటా లిస్టులో ఇంకా పైన ఉంటాడు, దింపండి అన్నారు."

తన చేతులు కడుక్కోవడానికే ఆ మాట అన్నారని నాకు తెలుసు. ఆ రెండు బంతులు వేయించింది మా నాన్న కాదు, ఈయనే. అయినా ఆయన అబద్ధం చెప్పలేదు. ఇంటికి వచ్చాక నాన్న మొహం చూస్తే తెలిసిపోయింది.

ఆ తరవాతది తొందరగా చెప్పేస్తాను, నాకూ చెప్పాలని లేదు. మళ్ళీ కట్టు కట్టే ఆయన దగ్గరికే తీసుకెళ్ళారు. ఈసారి ఇంకా గట్టిగా నీవాడు. చెయ్యి వంచి నలభై రోజులు కట్టేశాడు. విప్పాక చెయ్యి వంగినచోటే ఉండిపోయింది. అప్పుడు అమ్మ ఎవర్నీ అడగలేదు. నన్ను ఆటోలో ఎక్కించుకుని ఆ భీమవరం డాక్టరు దగ్గరికి తనే తీసుకెళ్ళింది. ఆయన కొత్త ఎక్స్‌రే తీయించి చూశాడు. ఊడిన ముక్క తప్పుచోట అతుక్కుందట, జాయింటు బిగిసిపోయిందట. ఆపరేషన్ చేసినా పూర్తిగా రాకపోవచ్చన్నాడు. "అప్పుడే ఆపి ఉంటే ఏమీ అయ్యేది కాదమ్మా" అన్నాడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని అమ్మ ఆటోలో దారంతా ఏడ్చింది. అన్నవరం వ్రతానికి మొక్కుకుంది, చేతి కోసం. నాన్న కూడా మొక్కుకున్నాడు, సీటు కోసం. స్వామి ఎవరి మొక్కు విన్నాడో మీరే చూస్తారు.

నాన్న నాకు క్షమాపణ చెప్పాలని నేను కోరుకోలేదు. మా ఇళ్ళల్లో తండ్రులు కొడుకులకి అలాంటివి చెప్పరు. కానీ జరిగింది జరిగినట్టు ఒక్కసారి అంటే చాలనుకున్నాను. "డాక్టరు వద్దన్నాడు, నేను వినలేదు" అంటే చాలు. ఆయన అనలేదు సరికదా, కొత్త కథ మొదలెట్టాడు. ఎవరైనా బంధువులు వచ్చి నా చెయ్యి చూసి అడిగితే, నేను నోరు తెరిచేలోపే "చిన్నప్పుడు సైకిల్ మీంచి పడ్డాడండి" అనేవాడు. మొదటిసారి విన్నప్పుడు నేను ఆయన మొహంలోకి చూశాను. కన్ను కూడా ఆర్పలేదు. ఊళ్ళోవాళ్ళకి నిజం తెలుసు, కానీ పెద్దమనిషి మాట ఎవరు కాదంటారు? రెండేళ్ళకి అమ్మ కూడా అలాగే చెప్పడం మొదలెట్టింది. గొడవెందుకని. నేను విసిరిన బంతులు, ఆ చప్పుడు, నా కేకలు, అన్నీ లేకుండా పోయాయి. ఆ చెయ్యి ఎలా పోయిందో చెప్పే హక్కు కూడా నాకు లేదన్నమాట. చెయ్యి పోయినందుకన్నా దానికే నేను ఎక్కువ రగిలిపోయాను.

ఇంటర్ అయింది. ఎంసెట్ రాశాను, ర్యాంకు అంతంతమాత్రం. ఆ సీటు ఇక కోటాలో రావాల్సిందే. సర్టిఫికెట్లు పరిశీలించడానికి హైదరాబాదు రమ్మన్నారు. నాన్నా నేనూ వెళ్ళాం. పెద్ద హాలు, బల్లల వెనక ఆఫీసర్లు. ఆ రోజుల్లో దొంగ సర్టిఫికెట్లు బాగా తిరిగేవి, అందుకని ఎవర్నీ ఊరికే వదలడం లేదు. మా ముందున్న అబ్బాయిని ఆట నియమాలు అడిగితే తెల్లమొహం వేశాడు, వాడి కాగితాలు పక్కన పడేశారు.

నా వంతు వచ్చింది. మా బల్ల దగ్గరున్న ఆయన ఒకప్పుడు ఆటగాడని భుజాలు చూస్తేనే తెలుస్తోంది. సర్టిఫికెట్ చూసి "ఏం ఆడేవాడివి?" అన్నాడు.

"పిచ్చర్ అండి."

"ఏదీ, విసిరేటట్టు చెయ్యి పెట్టు."

పెట్టాను. చెయ్యి వంగినచోట ఆగిపోయింది. ఆయన లేచి వచ్చి నా మోచెయ్యి పట్టుకుని చూశాడు. "ఇదేంటి? ఇలా ఎలా అయింది?"

నేను నోరు తెరిచేలోపే వెనకనుంచి నాన్న గొంతు వినపడింది. ఆలోచించి అనలేదు, అలవాటు మీద అనేశాడు. "చిన్నప్పుడు సైకిల్ మీంచి పడ్డాడండి."

ఆఫీసరు ఆయనకేసి చూశాడు. "చిన్నప్పుడా?"

"ఆయ్, చిన్నప్పుడేనండి."

"చిన్నప్పట్నించీ చెయ్యి ఇలాగే ఉంటే, ఈ చేత్తో నేషనల్స్‌లో పిచ్చర్‌గా ఎలా ఆడాడండీ?" అని నా కాగితాలు ఆ ముందు అబ్బాయి కాగితాల మీద పెట్టేశాడు. "పొద్దుట్నించీ మీలాంటివాళ్ళతో విసుగెత్తిపోయింది. వెళ్ళండి."

నాన్న మొహం పాలిపోయింది. అయినా నిజం చెబుతున్నాను, లోపల ఒక మూల నాకు నవ్వొచ్చింది. ఆట ఆడి చెయ్యి పోగొట్టుకున్నాను, చెయ్యి పోయింది కాబట్టి ఆడలేదంటున్నారు. నేను ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడాల్సింది నేను కాదు. ఆయనే చెప్పాలి, లేకపోతే సీటు పోవాలి.

నాన్న బల్ల అంచు పట్టుకున్నాడు. "అబద్ధం చెప్పానండి" అన్నాడు. "సైకిలూ లేదు, ఏమీ లేదండి. ఆటలోనే పోయిందండి. మోచేతి ఎముక ఊడిపోతోంది, మూడు నెలలు విసరొద్దని డాక్టరు చెప్పాడండి. నేనే వినలేదండి. కట్టు కట్టించి నేనే పంపానండి. మెడల్ వస్తుందని. వీడి తప్పేమీ లేదండి. చెయ్యి పాడుచేసింది నేనండి."

అక్షరం పొల్లు పోకుండా చెప్పాడు. మూడేళ్ళుగా నేను వినాలని చచ్చిపోయిన మాటలు, నేను అనుకున్నదానికన్నా ఎక్కువే, హాలులో నలుగురూ వింటుండగా చెప్పాడు. ఆఫీసరు నా మోచేతి లోపలి ఎముక మీద మెల్లగా వేలు పెట్టి చూశాడు. నొక్కలేదు. ఎన్ని వేయించేవారు, బదులు ఎవరూ లేరా అని అడిగాడు, చెప్పాను. "ఛ" అని ఒక్క మాట అని, కాగితాలు ఆ కుప్పలోంచి తీసి స్టాంపు వేశాడు.

బయటికొచ్చాం. మెట్ల మీద నాన్న జేబురుమాలుతో మొహం తుడుచుకున్నాడు. ఫైలు తెరిచి స్టాంపు సరిగ్గా పడిందో లేదో రెండుసార్లు చూశాడు. "హమ్మయ్య" అన్నాడు. ఆయన మొహంలో మూడేళ్ళలో ఎప్పుడూ చూడని తేట కనిపించింది. ఇక అడిగేయొచ్చు అనిపించింది.

"నాన్నా, ఆ మాట నాతో ఒక్కసారి అనొచ్చుగా" అన్నాను.

"ఏ మాటరా?" అన్నాడు ఫైలు మూస్తూ. నిజంగానే తెలియనట్టు నాకేసి చూసి, ఎదురుగా ఉన్న హోటల్ చూపించి, "పద, ఆకలేస్తోంది" అని రోడ్డు దాటాడు.